సెకనుకు మూడు సెంటీమీటర్లు

“పాపకు టీకా వేసేముందు కాలు నిమురుతూ కూర్చుంటాను. దానివల్ల నిజంగా నొప్పి తగ్గుతుందా, నా తృప్తి కోసమేనా?” అని ఒక పాఠకురాలు అడిగారు.

ఏ టీకా ఎన్నో నెలలో అన్నది మీ దగ్గరున్న కార్డులోనే ఉంటుంది, దాని జోలికి పోను. నన్ను పట్టుకున్నది ఆ నిమరడమే. మన చర్మంలో ఆ పనికే పుట్టాయా అనిపించే నరాలున్నాయి. పైగా వాటికి వేగం పట్టింపు కూడా ఉంది.

దానికన్నా ముందు ఒక మూఢనమ్మకం సంగతి. పసిపిల్లలకు నొప్పి సరిగ్గా తెలియదు, తెలిసినా గుర్తుండదు అనే నమ్మకం ఏ చదువురానివాళ్ళదో అనుకునేరు, డాక్టర్లదే. 1980ల దాకా అప్పుడే పుట్టిన పిల్లలకు చాలాచోట్ల చాలీచాలని మత్తుతోనే ఆపరేషన్లు చేసేవారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆపరేషన్‌లో బలమైన నొప్పిమందు కూడా ఇస్తే ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగవని, తర్వాత వచ్చే చిక్కులూ తగ్గుతాయని 1987లో ఆనంద్ అనే డాక్టరు బృందం చూపించాక ఆ నమ్మకం కదిలింది. గుర్తుండదన్న మాట కూడా నిలబడలేదు. పుట్టిన కొత్తలో మత్తు లేకుండా సున్తీ చేయించుకున్న మగపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా సూదికి మిగతావాళ్ళకన్నా ఎక్కువ బాధపడ్డారని 1997లో పరిశోధకురాలు అన్నా టాడియో బృందం ప్రకటించింది. ఆ పిల్లలకు సున్తీ సంగతి గుర్తుందని కాదు, వాళ్ళ నాడీవ్యవస్థ మరిచిపోలేదు.

ఇక నరాల దగ్గరికి వద్దాం. నరాల్లోని సన్నటి పోగులే తంతువులు. స్పర్శను మోసే ఎ-బీటా తంతువుల చుట్టూ మైలిన్ అనే మందమైన కొవ్వు పొర ఉంటుంది. పెద్దవాళ్ళలో వాటి వేగం సెకనుకు 35 నుంచి 75 మీటర్లు. మైలిన్ లేని సన్నటి సి-తంతువులు సెకనుకు ఒక మీటరుకు అటూ ఇటూగా నడుస్తాయి. సూది గుచ్చిన చురుకు తర్వాత మెల్లగా వచ్చే మంట వీటి పనే. సి-తంతువులంటే నొప్పి, దురద, వేడి, చలి, అంతేనని పాఠాల్లో చెప్పేస్తారు. కానీ వాటిలోనే మెత్తటి స్పర్శకు స్పందించే రకం ఒకటుంది, సి-టాక్టైల్ తంతువులు. ఇలాంటివాటిని 1939లో జోటర్‌మన్ అనే శాస్త్రవేత్త పిల్లుల్లో చూశాడు. మనుషుల్లోనూ ఉన్నాయని తేలడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

వీటి తీరు పాత రేడియోలో ముల్లు తిప్పడం లాంటిది. 2009లో స్వీడన్ పరిశోధకులు ముంజేతి మీద కుంచెను రకరకాల వేగాలతో నడుపుతూ, ఒక్కొక్క తంతువు నుంచి వచ్చే సంకేతాలు లెక్కపెట్టారు. మరీ నెమ్మదిగా నడిపితే స్టేషన్ రాదు. గబగబా నడిపితే దాటిపోతుంది. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య స్పష్టంగా పలుకుతుంది. ఎ-బీటాలకు ఈ పట్టింపు లేదు, వేగం పెరిగేకొద్దీ అవి ఇంకా గట్టిగా అరుస్తాయి. హాయిగా ఉందని మనుషులు చెప్పిన వేగాలు కూడా సి-టాక్టైల్ తంతువులు బాగా పలికే వేగాలతోనే కలిశాయి. ముల్లుకు ఇంకో మీట కూడా ఉంది, ఉష్ణోగ్రత. తాకే వస్తువు చల్లగా ఉన్నా బాగా వేడిగా ఉన్నా స్పందన తగ్గుతుంది. 32 డిగ్రీల దగ్గర, అంటే ఇంకో మనిషి చర్మం ఉండే వేడికి, బాగా అందుతుంది.

ఈ తంతువులు ఒంటరిగా ఏం చెబుతాయి? జబ్బు వల్ల ఎ-బీటా తంతువులు పోయి, ఇవి మాత్రం మిగిలిన ఒకావిడ ఆ సంగతి తెలిపింది. ముంజేతి మీద కుంచె నడిస్తే ఏదో సన్నగా, బాగున్నట్టు అనిపించిందట. ఎటువైపు నడిచిందో మాత్రం చెప్పలేకపోయింది. మెదడు స్కాన్‌లో స్పర్శకు పటం గీసే భాగం ఉలకలేదు, లోపలి ఇన్సులా వెలిగింది. ఒంటి బాగోగులు చూసుకునే చోటు అది.

పసివాళ్ళ మాటేమిటి? 2018లో ఆక్స్‌ఫర్డ్ బృందం అప్పుడే పుట్టిన పిల్లలకు చిన్నగా గుచ్చేముందు కాలి చర్మాన్ని కుంచెతో నిమిరింది. సెకనుకు 3 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు నొప్పికి మెదడులో పుట్టే విద్యుత్ స్పందన తగ్గింది. 30 సెంటీమీటర్ల వేగంతో తగ్గలేదు. కండలోకి దిగే టీకా సూది ఇంతకన్నా లోతైన వ్యవహారం, అది వేరే విషయం. అయినా మీ చెయ్యి దండగ పని చేయడం లేదు. మోకాలి నుంచి తొడ పైదాకా చెయ్యి చేరడానికి నాలుగైదు సెకన్లు పట్టాలి. టెన్షన్‌లో ఉన్న చెయ్యి ఆ వేగాన్ని ఇట్టే దాటేస్తుంది. అలా దాటినా, జోకొట్టినా నష్టమేమీ లేదు. అప్పుడు పలికేవి ఎ-బీటాలు. స్పర్శ సంకేతాలు వెన్నుపాములోనే నొప్పికి తలుపు వేయగలవని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. నిమరడం మాత్రం సూదికి ముందే మొదలుపెట్టండి. గుచ్చిన చోట తర్వాత గట్టిగా రుద్దకండి. రుద్దితే మందు బాగా పాకుతుందన్నది ఇంకో అపోహ.

మిగతావి క్లుప్తంగా. పిల్లను బల్లమీద వెల్లకిలా అదిమిపట్టకుండా ఒళ్ళో నిటారుగా పట్టుకోవాలి. సూదికి కాస్త ముందే పాలు పట్టడం మొదలుపెట్టి, వేస్తున్నంతసేపూ కొనసాగించవచ్చు. పంచదార నీళ్ళ సంగతి విచిత్రం. 2010 నాటి ఒక ప్రయోగంలో అవి తాగిన పసివాళ్ళ ముఖం అంతగా ముడుచుకోలేదు, మెదడులోని నొప్పి సంకేతం మాత్రం తగ్గలేదు. నా ఓటు నిమరడానికే. ముందుజాగ్రత్తగా పారాసెటమాల్ పట్టించకండి. అలా ఇచ్చిన పిల్లల్లో కొన్ని టీకాలకు యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయని 2009లో తేలింది. ఒకే రోజు రెండు మూడు టీకాలుంటే, నోట్లో వేసే తియ్యటి రోటావైరస్ చుక్కలు ముందు, బాగా మంటపెట్టే సూది చివర వేయమని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో కూడా నొప్పి ఎక్కువున్న టీకా చివరే ఉంది.