గుల్లలు గోకే బ్రష్షుకు కరెంటా, ఆయిలా? తగువు వెనక 30 వోల్టుల లెక్క

పడవ అడుగున గుల్లలు గోకే బ్రష్షును దేనితో తిప్పాలన్న తగువు ఒడిశాలోని గంజాం తీరంలో మళ్లీ రేగింది. గోపాల్‌పూర్ దగ్గర నీళ్లలోకి దిగే తెలుగు జాలరి కుర్రాళ్లు ఇంజిన్‌తో ఆయిల్‌ను ఒత్తిడిగా పంపి బ్రష్షును తిప్పే హైడ్రాలిక్ ప్యాక్ కావాలంటున్నారు. పని పట్టిన మేస్త్రీలు కరెంటు మోటారు, దానికో పెట్రోల్ జనరేటర్ చాలంటున్నారు. గుల్ల పడితే ఇంజిన్ ఎంత ఎక్కువ తాగుతుందో ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి నేరుగా 1985కి వెళదాం.

ఆ ఏడు డైవింగ్ కాంట్రాక్టర్ల సంఘం ఏఓడీసీ నీటి అడుగున విద్యుత్తు వాడకంపై నియమావళి తెచ్చింది. సరఫరాను తక్షణం కోసేసే ట్రిప్ పరికరం లేకపోతే డైవర్ దగ్గరికి వెళ్లే డీసీ 30 వోల్టులు దాటకూడదంది. నేటి పేచీ అంతా ఈ అంకె, ఈ ట్రిప్ పరికరం చుట్టూనే.

మేస్త్రీల మాట: 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ తేడా రాగానే సరఫరా కోసేసే స్విచ్) పెట్టాం కదా. పెట్టారు, నిజమే. కానీ చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగొచ్చే తీగ, జనరేటర్ ఫ్రేముకు కలిసి ఉండదు. ఫైబర్ పడవలో ఎర్త్ ఉండదు. ఫేజు వైరు ఒర తెగి నీళ్లకు తగిలినా కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు, ఆర్‌సీసీబీ కదలదు. తర్వాత న్యూట్రల్ ఒర కూడా తెగితే, వెళ్లిన కరెంటంతా మనిషి మీదుగా అదే ఆర్‌సీసీబీలోకి తిరిగొస్తుంది. దానికి తేడా కనిపించదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం చక్కగా పడిపోతుంది, ఎందుకంటే ఆ బటన్‌కు ఎర్త్‌తో పని లేదు. న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందే ఫ్రేముకు కలిపి, ఫ్రేము నుంచి మోటారు బాడీ దాకా ఎర్త్ వైరు దింపితేనే దానికి ప్రాణం వస్తుంది.

హైడ్రాలిక్‌లో నీళ్లలోకి కరెంటే దిగదు. 105 బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి 20 లీటర్ల ఆయిలంటే 3.5 కిలోవాట్లు, 9 హార్స్‌పవర్ ఇంజిన్ హాయిగా లాగుతుంది. రిటర్న్ హోసు ముందు బిగించాలి, ప్రెషర్ హోసు తర్వాత. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చొరబడినట్టే, కప్లింగ్ ఓ-రింగులు చూడాలి. ఇంజిన్ పొగ గాలి కంప్రెసర్ వైపు వీస్తే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా డైవర్ ఊపిరిలోకే పోతుంది. కంప్రెసర్ గాలి పీల్చే మూతి గాలి వచ్చే వైపున, పొగకు దూరంగా ఉండాలి.

ఇప్పుడు కొత్తగా లిథియం బ్యాటరీ వచ్చి చేరింది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు ఎనిమిది కలిపితే పూర్తి చార్జింగులో 29.2 వోల్టులు, 30 వోల్టుల గీత లోపలే. కానీ ఒక కిలోవాట్‌కు దాదాపు 40 ఆంపియర్లు లాగాలి. 30 మీటర్ల పొడవున 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే దారిలోనే 7 వోల్టులు పోతాయి, బ్రష్షు మూలుగుతుంది. 25 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే రెండు వోల్టులలోపే పోతాయి గానీ రాగి ఒక్కటే 13 కిలోలు. అందుకే పదహారు సెల్లుల 51.2 వోల్టుల ప్యాక్ అడుగుతున్నారు. అక్కడ మళ్లీ గీత దాటినట్టే, ట్రిప్ పరికరం తప్పదు. పడవలో ఉన్న ఏసీ ఆర్‌సీసీబీ డీసీ లీకేజీని పట్టుకోలేదు.