ఇంప్లాంట్ పన్ను కదులుతోందా? ముందు స్క్రూ సంగతి చూడండి

"ఇంప్లాంట్ ఊడిపోయింది డాక్టర్ గారూ" అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి ఊడింది ఇంప్లాంట్ కాదు, లోపలి స్క్రూ లూజైంది. ఎవరో తెలిసినవాళ్లు "అదింక పోయినట్టే" అని చెప్పి ఉంటారు. దాంతో కొందరికి నిద్ర పట్టదు. ఇంకొందరు ఆ మాట మా నోట వినాల్సి వస్తుందని భయపడి నెలల తరబడి రానే రారు. నా బాధంతా వీళ్ల గురించే.

దవడ ఎముకలో వేరులా ఉండేది ఇంప్లాంట్, దానిమీద క్యాప్‌ని మోసే చిన్న దిమ్మె లాంటి అబట్‌మెంట్, ఆ పైన పన్నులా కనిపించే క్యాప్. అబట్‌మెంట్‌ని పట్టి ఉంచేది రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ మందం ఉండే చిన్న స్క్రూ. బిగించినప్పుడు అది ఒక పిసరు సాగుతుంది. సాగింది మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది కాబట్టే రెండు భాగాలూ ఒకదానికొకటి అదిమి ఉంటాయి. దీన్నే ప్రీలోడ్ అంటాం. నమిలే ఒత్తిడికి ప్రీలోడ్ తగ్గితే స్క్రూ వదులై క్యాప్ ఊగుతుంది. కింద ఇంప్లాంట్ మాత్రం ఎముకలో గట్టిగానే ఉండొచ్చు. ఇంప్లాంటే కదులుతుంటే అది వేరే సంగతి, దాన్ని చాలావరకు తీసేయాల్సిందే. ఏది కదులుతోందో ఇంట్లో వేలితో ఊపి తేల్చుకోలేరు. ఒక్కోసారి ఎక్స్‌రే తీసి, క్యాప్ విప్పి చూస్తే గానీ మాకే తెలియదు.

అపోహ: నొప్పి లేదు కదా, తర్వాత చూద్దాం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. సొంత పన్ను వేరు చుట్టూ దాన్ని ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్ అనే నారల పొర ఉంటుంది, ఏ చిన్న తేడా వచ్చినా కబురు పెడుతుంది. ఇంప్లాంట్‌కి అది లేదు. పైగా స్క్రూ లూజైతే నొప్పి రావాలనేమీ లేదు. చిగురు కాస్త వాయడం, చెడు వాసన, నమిలేటప్పుడు 'టిక్' మన్నట్టు అనిపించడం, అంతే. ఈలోపు లూజైన స్క్రూ ప్రతి నములుడికీ వంగుతూ, అలసిపోతూ, ఓ రోజు విరుగుతుంది. లూజు స్క్రూ అయితే చాలాసార్లు ఒక్క సిట్టింగ్‌లో పని అయిపోతుంది. విరిగిన ముక్క లోపల ఇరుక్కుంటే, అది తీసేటప్పుడు ఇంప్లాంట్ లోపల స్క్రూని పట్టే మరలు (గాట్లు) దెబ్బతింటే, బంగారం లాంటి ఇంప్లాంట్ పనికిరాకుండా పోవచ్చు.

ఒక రిటైర్డ్ మాస్టారు "ఆ పక్కన నమలట్లేదు కదండీ" అని ఊరుకున్నారు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుందని వాళ్లావిడ చెబితే గానీ బయటపడలేదు. స్క్రూ విరిగాకే వచ్చారు. మాగ్నిఫికేషన్‌లో చూస్తూ సన్నగా వణికే అల్ట్రాసోనిక్ టిప్‌తో ముక్క అంచుని తాకిస్తూ పోతే, చాలాసేపటికి అది ఎడమవైపు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఆయన అదృష్టం, మరలు బాగానే ఉన్నాయి.

మరీ గట్టిగా బిగిస్తే ఇక లూజవదు అనుకోవడమూ తప్పే. తిప్పి బిగించే బలాన్ని టార్క్ అంటాం. చాలా సిస్టమ్‌లకు అది 30–35 న్యూటన్ సెంటీమీటర్లు, కొన్నిటికి ఇంకా తక్కువ. అది మరీ దాటితే స్క్రూ మళ్లీ ముడుచుకోలేనంతగా సాగిపోయి పట్టు పోతుంది. అందుకే చేతి అంచనాతో కాకుండా, ఆ బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగిస్తాం, పది నిమిషాలాగి మళ్లీ బిగిస్తాం. మొదటిసారి బిగించాక లోహపు గరుకుతనం అణిగి కొంత ప్రీలోడ్ పోతుంది మరి.

"నాసిరకం ఇంప్లాంట్ వేశారు" అని వెంటనే తేల్చేయకండి. క్యాప్ ఎత్తుగా ఉండి ఎదుటి పన్నుకు ముందే తగులుతున్నా, క్యాప్ సరిగ్గా కూర్చోకపోయినా, పళ్లు కొరికినా ఏ కంపెనీదైనా లూజవుతుంది. విడిగా ఉండే దవడ పన్నుకు, పాత ఎక్స్‌టర్నల్ హెక్స్ కనెక్షన్లకు (ఇంప్లాంట్ పైకి పొడుచుకొచ్చిన ఆరు పలకల భాగం మీద అబట్‌మెంట్ కూర్చునే రకం) ఈ బెడద ఎక్కువ. మళ్లీ మళ్లీ లూజవుతుంటే బిగించి పంపడం కాదు, కారణం వెతకమని అడగండి. స్క్రూ కొత్తది వేయమనీ అడగండి.

ఇక ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించడం గురించి చెప్పేదేముంది? దయచేసి వద్దు.

కదులుతోందని అనిపించిన రోజే ఫోన్ చేయండి. ఆ పక్క నమలకండి, వేలితో తిప్పకండి. ఊడి చేతికొస్తే క్యాప్, స్క్రూ రెండూ చిన్న డబ్బాలో వేసి తీసుకురండి. ఇంప్లాంట్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు కూడా తెండి. ఒక కంపెనీ స్క్రూకి ఇంకో కంపెనీ డ్రైవర్ సరిపోకపోవచ్చు. కార్డుంటే వెతుకులాట తప్పుతుంది.