ఇంధన విధానంలో రెండు పార్టీల రాజీ: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఇంధన చట్టాల మీద పనిచేస్తానని తెలిసిన మనవాళ్లు 2025 జులై నుంచి ఎక్కడ కలిసినా అడిగేది ఒకటే: "సోలార్ ట్యాక్స్ క్రెడిట్ 2032 దాకా అన్నారు కదండీ, అప్పుడే ఎలా తీసేశారు?"

అపోహ: ఒకే పార్టీ తన బలంతో తెచ్చే చట్టం గట్టిది, రెండు పార్టీలు రాజీపడి తెచ్చేది నీరుగారినది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే. ఇంటి సోలార్ ఖర్చులో 30 శాతాన్ని ఆదాయపు పన్నులోంచి తగ్గించే క్రెడిట్ 2005 ఇంధన చట్టంతో వచ్చింది. సెనేట్‌లో 74-26, సంతకం బుష్‌ది. 2008లో బుష్, 2015లో ఒబామా, 2020లో ట్రంప్ ఆ క్రెడిట్‌ని పొడిగించారు; అప్పటికి అది 26 శాతానికి తగ్గింది. 2015 బేరం చూడండి. నలభై ఏళ్ల నాటి ముడిచమురు ఎగుమతి నిషేధం పోవాలని రిపబ్లికన్ల పట్టు. పవన, సౌర క్రెడిట్లు నిలవాలని డెమొక్రాట్ల పట్టు. రెండూ ఒకే బిల్లులో నెగ్గాయి. ఎవరూ తమ అభిప్రాయం మార్చుకోలేదు, మార్చుకోవాల్సిన అవసరమూ రాలేదు.

2022లో దారి మారింది. సెనేట్‌లో మామూలు బిల్లు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. పన్నులు, ఖర్చుల బిల్లులకున్న ప్రత్యేక పద్ధతి, బడ్జెట్ రీకన్సిలియేషన్ దారిలో సాధారణ మెజారిటీ చాలు. డెమొక్రాట్లు ఒక్క రిపబ్లికన్ ఓటు లేకుండా, ఉపాధ్యక్షురాలి ఓటుతో కలిపి 51-50తో బిల్లుని గట్టెక్కించి, మళ్లీ 30 శాతాన్ని 2032 దాకా రాశారు. 2025లో రిపబ్లికన్లు అదే దారిలో, అదే 51-50తో, ఒక్క డెమొక్రాట్ ఓటు లేకుండా దాన్ని ఆ ఏడాది డిసెంబర్ 31తో ముగించారు. పెద్ద ప్రాజెక్టుల్లోనూ సౌర, పవన క్రెడిట్లకే కోత పడింది. అణు, భూతాప విద్యుత్తుకి మాత్రం 2030ల దాకా ఉంచారు, ఎందుకంటే వాటికి రెండు వైపులా అండ ఉంది. 2024లో అణువిద్యుత్ అనుమతుల చట్టం సెనేట్‌లో 88-2తో నెగ్గింది.

గడువులోపు ప్యానెళ్లు బిగించడం పూర్తయినవాళ్లు కంగారు పడకండి. ఆ క్రెడిట్‌ని 2025 చట్టం వెనక్కి లాక్కోదు. లాక్కుంటుందని వాట్సాప్‌లో తిరిగే మాట అబద్ధం. దాన్ని నమ్మి నిద్రపోని పెద్దవాళ్లతో నేనే ఫోన్లో మాట్లాడాను. దయచేసి ఇంకొకరికి పంపకండి.

అపోహ: ఏకాభిప్రాయం అంటే అందరి కారణమూ ఒకటే కావాలి.

పవన విద్యుత్ క్రెడిట్ 1992లో మొదలవడానికి ముందు నిలబడిన సెనేటర్ చక్ గ్రాస్లీ అయోవా రిపబ్లికన్. ఇవాళ ఆ రాష్ట్రంలో సగానికి పైగా కరెంటు గాలి నుంచే వస్తోంది. అక్కడి ఒక రైతు నాతో, "వాతావరణం సంగతి నాకు చెప్పొద్దు, టర్బైన్ కౌలు డబ్బు వల్లే పొలం అమ్ముకోకుండా ఉన్నాను" అన్నాడు. ఆ మాటను ఆ వారమే ఒక రిపబ్లికన్ ఆఫీసులో వినిపించాను. నా చార్టులేవీ తెరవకుండానే గంటసేపు మాట్లాడారు.

అపోహ: చట్టం లేకపోయినా అధ్యక్షుడి సంతకం చాలు. చాలదు. వాతావరణ మార్పుపై పారిస్ ఒప్పందంలో ఒబామా చేర్చితే ట్రంప్ బయటికి తెచ్చాడు. బైడెన్ మళ్లీ చేర్చాడు. ట్రంప్ మళ్లీ వైదొలిగాడు.

ఇప్పుడు తేలాల్సింది ఇంధన ప్రాజెక్టులకిచ్చే అనుమతుల సంస్కరణ. కరెంటు లైన్లు త్వరగా పడాలని ఒకరు, పైప్‌లైన్లు పడాలని ఇంకొకరు. 2024లో డెమొక్రాట్ల వైపున్న అప్పటి స్వతంత్ర సెనేటర్ మాంచిన్, రిపబ్లికన్ సెనేటర్ బరాసో కలిసి తెచ్చిన బిల్లు సెనేట్ కమిటీలో 15-4తో నెగ్గింది, పూర్తి సెనేట్ ఓటింగ్‌కి రాకుండానే గడువు ముగిసింది. అందులోని ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పటికీ పనికొస్తుంది. మీ సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అడగాల్సింది దీని గురించే.