అక్కడికక్కడే మీ బొమ్మ: లైవ్ పోర్ట్రెయిట్లపై అపోహలు – వాస్తవాలు

వేడుకలకు వచ్చిన అతిథులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అక్కడికక్కడే బొమ్మ గీసివ్వడం నా వృత్తి. బుకింగ్‌కి ఫోన్ చేసేవాళ్లు, కుర్చీలో కూర్చునేవాళ్లు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నిజమెంతో చెబుతాను.

అపోహ: మూడు గంటలు ఉంటారు కాబట్టి అందరికీ బొమ్మ దొరుకుతుంది.

ముందు లెక్క చూద్దాం. భుజాల వరకు, నలుపు తెలుపులో ఒక ముఖానికి నాకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. అలా చూస్తే గంటకు 12 నుంచి 15 రావాలి. కానీ ఒకరు లేవాలి, ఇంకొకరు కూర్చోవాలి, జుట్టు సర్దుకోవాలి, బొమ్మ పట్టుకుని ఫొటో దిగాలి. చివరికి తేలేది పది, బాగా సాగితే పన్నెండు. మూడు గంటలకు 30 నుంచి 36. రంగులు కూడా వేయమంటే అందులో సగం. అతిథులు 200 మంది ఉంటే ఒక్క ఆర్టిస్టు గీయగలిగేది దాదాపు ఆరో వంతు మందినే.

ఈ లెక్క ముందే చెప్పకపోతే బాధపడేది పిల్లలు. ఒకసారి టైమ్ అయిపోయి హాల్లో లైట్లు ఆర్పేస్తున్నారు. చూస్తే ఓ బాబు తల చక్కగా దువ్వుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. ఫోన్ టార్చ్ వెలుగులో వాడికి గీసిచ్చాను గానీ, అప్పటికే చిన్నబుచ్చుకుని వెళ్లిపోయినవాళ్లు ఎందరో. అప్పటినుంచి ముందే టోకెన్లు ఇప్పిస్తున్నాను. ముగింపుకు అరగంట ముందు క్యూ ఆపడానికి ఒక మనిషిని పెట్టమని నిర్వాహకులను అడుగుతున్నాను.

అపోహ: క్యారికేచర్ అంటే ముక్కు పెద్దది చేసి నవ్వించడం.

నాకు చాలా బాధ కలిగించే మాట ఇది. ఆ పేరు ‘బరువెక్కించడం’ అనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. ఏది బరువెక్కించాలన్నదే అసలు విద్య. అందరి ముఖాల్లోనూ ఉన్నదాన్ని వదిలేసి, ఈ మనిషికి మాత్రమే ఉన్నదాన్ని కాస్త ముందుకు తెస్తాం. కళ్ల మధ్య దూరం కావచ్చు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే తీరు కావచ్చు, ముక్కుకీ పెదవికీ మధ్య జాగా కావచ్చు. తెలిసినవాళ్ల ముఖాలను ఉన్నదున్నట్టు గీసిన రేఖాచిత్రాలకంటే, తేడాలను పెంచి గీసినవాటిలో జనం త్వరగా గుర్తుపడతారని 1987లో ఒక మనస్తత్వ పరిశోధన చూపించింది. అంటే పోలిక చెడకుండానే పెంచవచ్చు.

మచ్చలు, పళ్లు, లావు జోలికి మాత్రం నేను పోను. చిన్నప్పటినుంచి దేని గురించి మాటలు పడ్డారో కూర్చున్న తీరే చెప్పేస్తుంది. ఒకమ్మాయి నవ్వినప్పుడల్లా చేయి నోటికి అడ్డం పెట్టుకుంటోంది. నవ్వితే ఆమె కళ్లు సన్నటి నెలవంకల్లా మూసుకుపోతున్నాయి. ఆ రెండు వంపులనే పెంచి, నోటిని ఒక్క చిన్న గీతతో వదిలేశాను. బొమ్మ చేతికిచ్చాక రెండు చేతులతో పట్టుకుని హాయిగా నవ్వింది.

అపోహ: కదలకుండా కూర్చోవాలి.

వద్దండీ, దయచేసి మాట్లాడండి. బిగుసుకుపోతే పాస్‌పోర్ట్ ఫొటోలోని ముఖమే కాగితం మీదికి వస్తుంది. నిజానికి మీరు క్యూలో మూడో స్థానంలో ఉన్నప్పుడే నేను చూడటం మొదలుపెడతాను. అప్పుడు తల ఎటు వాల్చి మాట్లాడతారో అదే మీ అసలు వాలకం. కుర్చీలోకి రాగానే టెన్షన్‌తో అది మాయమైపోతుంది.

పిల్లలైతే “ఏ పన్ను ఊడిందమ్మా?” అని అడిగితే చాలు, ముఖం దానంతటదే విప్పారుతుంది. పిల్లల బొమ్మల్లో ఇంకో సంగతి ఉంది. పెద్దల కళ్లు నడినెత్తికీ గడ్డానికీ సుమారు సగంలో ఉంటాయి. పిల్లలకు సగం కంటే కిందికి ఉంటాయి. కొంచెం పైకి పెట్టామా, ఆరేళ్ల పాపకు ముప్ఫై ఏళ్ల ముఖం వచ్చేస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

అపోహ: రాలేకపోయినవాళ్ల సెల్ఫీ ఇస్తే అంతే బాగా వస్తుంది.

వస్తుంది గానీ అంత బాగా రాదు. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. సెల్ఫీ ఇస్తే నేను ఆ తప్పుడు ముక్కునే గీయాల్సి వస్తుంది. ఇంకొకరు కాస్త దూరం నుంచి తీసిన ఫొటో ఇవ్వండి.

అపోహ: టాబ్లెట్ మీదైతే యాపే గీసేస్తుంది.

గీసేది చేయే. పెద్ద స్క్రీన్‌కి కలిపితే బొమ్మ పుట్టడం హాలంతా చూడొచ్చు, అదొక సంబరం. ప్రింట్‌కి పట్టే సమయం, ప్లగ్ పాయింట్ లెక్కలో వేసుకోండి.

అపోహ: ఏ మూల చోటిచ్చినా సరిపోతుంది.

స్పీకర్ పక్కన మాటలు వినపడవు, మాటల్లేకపోతే ముఖంలో కదలిక ఉండదు. అంతకంటే పెద్ద ఇబ్బంది రంగు లైట్లు. ఎర్ర లైటు కింద తెల్ల కాగితం ఎర్రగానే కనిపిస్తుంది, దాని మీద ఎర్ర మార్కర్ గీత కలిసిపోతుంది. పెదవులకు రంగు సరిపోలేదనుకుని మళ్లీ మళ్లీ వేస్తాం. ఇంటికెళ్లి మామూలు వెలుతురులో చూస్తే పెదవులు తప్ప ఇంకేమీ కనపడవు. అందుకే నా సంచిలో తెల్లటి క్లిప్ లైటు ఎప్పుడూ ఉంటుంది. డ్యాన్స్ ఫ్లోర్‌కి దూరంగా, ఒక పక్కనుంచి తెల్లటి వెలుతురు పడేచోట రెండు కుర్చీలు వేయించండి, చాలు.