ఎండీ వచ్చారు, ఇక కమాండర్ ఎవరు?

ప్రమాదాలను ఎదుర్కోవడంపై శిక్షణ ఇవ్వడానికి ఎక్కడికి వెళ్లినా మొదటి గంటలోనే ఎవరో ఒకరు అడుగుతారు: “మా ఎండీ వచ్చాక ఇన్సిడెంట్ కమాండర్ ఆయనే కదా?” ఇన్సిడెంట్ కమాండర్ అంటే ప్రమాదం జరిగినప్పుడు అక్కడి పనులన్నీ నడిపించే వ్యక్తి.

అపోహ: పదవిలో పెద్దవారే కమాండర్.

వాస్తవం: ఘటనాస్థలికి ముందుగా చేరి పని మొదలుపెట్టిన వ్యక్తే కమాండర్. పై అధికారి గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ బాధ్యత చేతులు మారదు. ఎవరు ఎక్కడున్నారు, ఏ పని సగంలో ఉంది అన్నది ఆయన విని తెలుసుకోవాలి. “ఇప్పటినుంచి నేను” అని అందరికీ ప్రకటించాలి. అక్కర్లేదనుకుంటే లక్ష్యాలు చెప్పి, ఖర్చు మంజూరు చేసి వెనక నిలబడవచ్చు.

ఒక కర్మాగారంలో గ్యాస్ లీకైంది. షిఫ్టు ఇన్‌చార్జి ఇద్దరిని వాల్వు మూయమని పంపాడు. అప్పుడే వచ్చిన పెద్ద అధికారి దారిలో ఆ ఇద్దరినే ఆపి, జనాన్ని బయటికి పంపమన్నారు. వాళ్లు అటు వెళ్లారు. వాల్వు మూసేసి ఉంటారని ఇన్‌చార్జి పావుగంట నమ్మాడు. పక్కనే కూర్చుని లాగ్ రాస్తున్న నాకూ అనుమానం రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అది కేవలం అదృష్టం.

ఒక మనిషికి ఒకే పై అధికారి అన్న నియమం ఇందుకే. 1970లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు 13 రోజుల్లో 16 మందిని బలిగొన్నాయి. సాయానికి వచ్చిన సంస్థల పరిభాషలు కలవలేదు, రేడియోలు కలవలేదు. ఆ అనుభవం నుంచే, ప్రమాద సమయంలో ఎవరు ఎవరి మాట వినాలో తేల్చే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ పుట్టింది.

మిగతా అపోహలకు ఇంత వివరంగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఇది అగ్నిమాపక దళాలకే పరిమితమా? ఆసుపత్రులూ, సర్వర్లు కూలిన కంపెనీలూ వాడుతున్నాయి. ఎవరి బాధ్యత ఏమిటో చూపే చార్టులో ప్రతి గడీ నింపాలా? చిన్న ఘటనకు కమాండర్ ఒక్కరే చాలు. ఒకరి కింద ఎంతమందైనా ఉండవచ్చా? 3 నుంచి 7, మంచిది 5. పెద్దవాళ్లను పక్కన పెట్టడానికే ఇదంతా అని ఫార్వర్డ్ చేసేవారు దయచేసి ఒక్క డ్రిల్లుకైనా రండి.

“ఆయనను ఆగమంటే నా ఉద్యోగం ఉంటుందా?” అని షిఫ్టువాళ్లు మెల్లగా అడుగుతారు. ఆ భయం నిజమైనదే. అందుకే ఈ ఏర్పాటును ముందే కాగితం మీద రాయించి ఎండీ సంతకం తీసుకోండి. ఘటన జరిగిన రోజు మాత్రం ఇలా అడగండి: “సార్, రెండు నిమిషాల్లో పరిస్థితి చెబుతాను. బాధ్యత మీరు తీసుకుంటారా, నన్ను కొనసాగమంటారా?”

నేను చూసినంతలో, “నువ్వే కానివ్వు” అన్నవారే ఎక్కువ.