బోర్డు మీద ఎవరూ చదవని గడి

విశాఖపట్నం

చిరంజీవులు చిన్నికి, సన్నీకి తాతయ్య ఆశీస్సులు.

మీ వీధిలో సీసీ రోడ్డు, కాలువ పని మొదలైందనీ, అక్కడ పెట్టిన బోర్డు మీద అంచనా విలువ లక్షల్లో ఉందనీ, ఆ డబ్బు ఎవరిస్తారనీ ఫోన్లో అడిగారు. అది ఫోన్లో తేలే సంగతి కాదు. సర్వీసంతా బిల్లులు చూసే సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి కాస్త చాదస్తంగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ఆ బోర్డు ఇంకోసారి చదవండి. పని పేరు, కాంట్రాక్టరు పేరు అందరూ చూస్తారు. నిధులు అనో గ్రాంటు అనో ఉండే గడిని ఎవరూ పట్టించుకోరు. అక్కడ జనరల్ ఫండ్స్ అని ఉంటే అది జీవీఎంసీ, అంటే మన విశాఖ నగరపాలక సంస్థ, సొంత రాబడి, అంటే మీ నాన్న కట్టిన ఇంటిపన్ను లాంటివి. 15వ ఆర్థిక సంఘం అని ఉంటే ఢిల్లీ నుంచి వచ్చిన డబ్బు. కేంద్రం పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని చెప్పిన సంఘమే, 2021 నుంచి 2026 వరకు నగరాలకు విడిగా గ్రాంట్లు కూడా సిఫార్సు చేసింది. మన విశాఖలా జనాభా పది లక్షలు దాటిన నగరాలకు ఇచ్చేదాన్ని గాలి నాణ్యతకు, తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు. ఆ డబ్బుతో పార్కులో ఉయ్యాల వేయిస్తామంటే కుదరదు.

స్మార్ట్ సిటీ డబ్బుది ఇంకో దారి. 2016 జనవరిలో ఎంపికైన మొదటి 20 నగరాల్లో మనదీ ఒకటి. నగరానికి కేంద్రం 500 కోట్ల దాకా ఇస్తే, రాష్ట్రం, నగరం కలిసి అంతే వేసుకోవాలన్నది ఆ పథకం నడిచినన్నాళ్లూ లెక్క. 2025 మార్చితో అది ముగిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరిని ఊడ్చేశాక ప్రపంచ బ్యాంకు రాష్ట్రానికి 25 కోట్ల డాలర్లు ఇచ్చింది. విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి దించే పనికి అందులోంచే కొంత పెట్టారు. కానీ అది అప్పు, వడ్డీతో సహా తీర్చాలి. పేపర్లో మాత్రం అన్నిటినీ కలిపి 'నిధులు' అనే రాస్తారు.

మంజూరు అని వార్త రాగానే డబ్బు వచ్చేసిందనుకోకండి. ముందు పరిపాలనా అనుమతి రావాలి, తర్వాత సాంకేతిక అనుమతి, ఆ తర్వాత టెండరు. పని విలువను బట్టి ఫైలు కమిషనరు దగ్గరే ఆగుతుంది, లేదా స్టాండింగ్ కమిటీకో కౌన్సిల్‌కో వెళ్తుంది. టెండర్లో అంచనా కంటే బాగా తక్కువకు కోట్ చేసి పని పట్టే కాంట్రాక్టరును చూస్తే చాలామంది డబ్బు మిగిలిందని మురిసిపోతారు. నాకైతే టెన్షన్ మొదలయ్యేది. ఆ తగ్గించింది సిమెంటులో లాగుతాడా, ఇసుకలో లాగుతాడా అని.

అసలు సంగతంతా ఎం-బుక్‌లో ఉంటుంది. అంటే కొలతల పుస్తకం. పేజీలకు నంబర్లుంటాయి, ఒక్క కాగితం చింపినా దొరికిపోతారు. అసిస్టెంట్ ఇంజినీరు పని దగ్గరే కొలిచి రాయాలి, పై ఇంజినీరు మళ్లీ సరిచూడాలి. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాస్తే 60 ఘనపు మీటర్ల కాంక్రీటుకు డబ్బివ్వాలి. వేసింది 12 సెంటీమీటర్లే అయితే 48 ఘనపు మీటర్లే. మిగతా 12 ఘనపు మీటర్ల డబ్బు గాల్లో కలిసినట్టే. పైనుంచి చూస్తే రోడ్డు నున్నగానే కనిపిస్తుంది. అందుకే అనుమానం వస్తే రోడ్డుకు గుండ్రంగా రంధ్రం చేసి కోర్, అంటే అడుగుదాకా కాంక్రీటు ముక్క, తీస్తారు, దాన్ని కొలిస్తే మందం తేలిపోతుంది. కాలువ సంగతి ఇంకా తిరకాసు. కొలతలన్నీ సరిపోయినా వాటం, అంటే నీరు పారే వాలు, తప్పితే నీళ్లు గెడ్డలో, అంటే వాగులో, కలవకుండా మీ గుమ్మం ముందే నిలుస్తాయి.

బిల్లు పాసయ్యాక కూడా డబ్బు వెంటనే పడదు, ఖజానాలో వంతు రావాలి. గ్రాంటు డబ్బయితే ఖర్చు చేశామని చెప్పే ధ్రువపత్రం, అంటే యూసీ, పంపాలి. అది పంపకపోతే తర్వాతి విడత రాదు. మార్చి 31 దగ్గరపడితే ఆఫీసుల్లో రాత్రి పదింటికీ లైట్లు వెలుగుతుంటాయి. ఆ హడావుడిలో పాసైన బిల్లులంటే నాకు ఇప్పటికీ నమ్మకం తక్కువ.

ఆ తర్వాత ఆడిట్. స్టేట్ ఆడిట్ వాళ్లు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్లు అభ్యంతరాలు రాస్తారు, కాగ్ రిపోర్టు శాసనసభ ముందుకొస్తుంది. అయితే అదంతా జరిగేసరికి రోడ్డు మీద మళ్లీ గుంతలు పడిపోయుంటాయి.

అంతదాకా ఆగక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. జీవీఎంసీలో 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. పనిని వెళ్లి చూడటానికి, వాడిన సామాను నమూనా అడిగి తీసుకోవడానికి కూడా ఆ చట్టంలో హక్కుంది. ఈ సంగతి చాలామందికి తెలీదు. మీ నాన్న చేత దరఖాస్తు పెట్టించండి. అందులో 'ఎందుకు ఆలస్యమైంది' అని మాత్రం రాయొద్దు. ఎందుకు అనే ప్రశ్నకు ఆఫీసులో కాగితం ఉండదు, తప్పించుకుంటారు. ఫలానా పనికి అగ్రిమెంటు నకలు, ఎం-బుక్ పేజీల నకళ్లు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులు అని కాగితాల పేర్లు విడివిడిగా రాసి అడగండి.

ఇట్లు,
తాతయ్య