అగ్నిపర్వత నేల, ఆర్గానిక్ వైన్: కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది చిన్న కుటుంబ వైనరీ. అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద, లావా రాళ్ల మధ్య ద్రాక్ష పెంచి, పాత పద్ధతిలో ఆర్గానిక్ వైన్ చేస్తాం. రుచి చూడటానికి వచ్చేవాళ్ల ప్రశ్నల్లో సగం ఆ కొండ గురించి, మిగతా సగం ‘ఆర్గానిక్’ అనే మాట గురించి. కొండ చేయని పనికి దానికి బోలెడు పేరు వచ్చింది. చేసిన పనిని మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: లావాలోని ఖనిజాల రుచి వైన్‌లోకి దిగుతుంది.

ఈ మాట ప్రచారం చేసింది ఎక్కువగా మా వృత్తివాళ్లమే. సీసాలు అమ్ముకోవడానికి బాగా పనికొస్తుంది మరి. కానీ వేరు రాయిని తినదు. నీటిలో కరిగిన పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లాంటి పోషకాలను పీల్చుకుంటుంది, అంతే. వైన్‌లో మిగిలే ఖనిజాల్లో పెద్ద వాటా పొటాషియానిదే. సున్నపురాయి నేలలో పండిన ద్రాక్షలోనూ అది ఉంటుంది. ‘రాతి రుచి’ని అక్షరాలా నమ్మవద్దని భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ల తరబడి రాస్తూ వచ్చారు. నాకు ఆయన వాదనే సరైనదనిపిస్తుంది.

మరి అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన ఎక్కడిది? అగ్నిపర్వతపు గంధకం కాదు. రసం పులిసేటప్పుడు ఈస్ట్ చర్యతో పుట్టే గంధక సమ్మేళనాల వాసన అది. సున్నపు నేలలో పండిన షార్డొనే అనే తెల్ల ద్రాక్ష వైన్‌లో కూడా వస్తుంది. నాలుక మీద జివ్వుమనే ఆ పదును చాలావరకు పులుపు వల్ల. గ్రీస్‌లోని సాంటొరినీ దీవిలో పండే అసిర్టికో ద్రాక్ష ఎంత ఎండలో మాగినా పులుపు పోగొట్టుకోదు. అది ప్రధానంగా ఆ రకం గుణం. నేల కూడా సాయం చేస్తుంది, కానీ ఏదో ఇచ్చి కాదు. పొటాషియం తక్కువగా అందిన ద్రాక్షలో పులుపు బాగా నిలుస్తుంది.

అపోహ: అగ్నిపర్వత నేలలో ఏది వేసినా విరగకాస్తుంది.

వేల ఏళ్లు ఎండకూ వానకూ చివికిన బూడిద నేలల సంగతైతే ఇందులో నిజం ఉంది. కొత్త లావా అలా కాదు. అందులో నత్రజని ఉండదు, సేంద్రియ పదార్థమూ ఉండదు.

కానరీ దీవుల్లోని లాంజరోటెను చూడండి. 1730 నుంచి 1736 వరకు సాగిన విస్ఫోటనాల్లో అక్కడి పొలాలు నల్లటి లావా గుళికల కింద కూరుకుపోయాయి. లా హేరియా ప్రాంతపు రైతులు ఆ పొరలో గుంటలు తవ్వి, అడుగున ఉన్న పాత మట్టికి వేళ్లు అందేలా తీగలు నాటారు. గాలి దెబ్బ తగలకుండా ఒక్కో గుంటకు అర్ధచంద్రాకారంలో రాతిగోడ కట్టారు. అక్కడ ఏడాదికి పడే వాన 150 మిల్లీమీటర్లు దాటడమే గొప్ప. పికోన్ అని పిలిచే ఆ గుళికలు తీగకు తిండి పెట్టవు. పడిన కాస్త తేమను కిందికి దిగనిచ్చి, మళ్లీ ఆవిరైపోకుండా మట్టిని కప్పి ఉంచుతాయి. కొండ చేసిన అసలు పని ఇదీ. మిగిలింది మనిషి రెక్కల కష్టం. ఆ గుంటల్లోకి ఏ యంత్రమూ దిగలేదు.

అపోహ: లావా నేలలోకి ఫిలోక్సెరా రాదు.

వేళ్ల రసం పీల్చి తీగను చంపే ఈ చిన్న పురుగు 1860లలో అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు చేరి, అక్కడి నుంచి యూరప్ తోటలను నాశనం చేసింది. అప్పటి నుంచి దాదాపు అంతటా ఈ పురుగును తట్టుకునే అమెరికన్ వేరుమొక్క మీద యూరప్ తీగను అంటు కడుతున్నారు. సాంటొరినీకి ఆ అవసరం రాలేదు. తీగలు ఇప్పటికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి. కారణం లావా కాదు, ఆ నేలలో బంకమట్టి దాదాపు లేకపోవడం. ఇసుకలాంటి వదులు నేలలో ఈ పురుగు వేరు నుంచి వేరుకు పాకలేదు. పోర్చుగల్‌లోని కొలారెస్ తోటలు తీరపు ఇసుకలో ఇలాగే బతికి బయటపడ్డాయి. సిసిలీలోని ఎట్నా అచ్చమైన అగ్నిపర్వతమే అయినా, ఆ వాలుల్లో చాలా తోటలు ఈ పురుగు పాలయ్యాయి.

అపోహ: ఆర్గానిక్ తోటలో మందులు కొట్టరు.

కొడతాం. బూడిద తెగులుకు గంధకం, బూజు తెగులుకు రాగి. మైలుతుత్తం (రాగి సల్ఫేట్), సున్నం కలిపిన బోర్డో మిశ్రమం 1880లలో ఫ్రాన్స్‌లో పుట్టింది. ఈనాటికీ మాకు దిక్కు అదే. మేము వాడకూడనివి కృత్రిమ రసాయన మందులు, కలుపు మందులు, రసాయన ఎరువులు.

రాగితో ఇబ్బంది ఏమిటంటే అది ఆకు పైనే ఉంటుంది, లోపలికి పోదు. గట్టి వాన పడితే కడుక్కుపోతుంది, మళ్లీ కొట్టాల్సిందే. వానలు ఎక్కువైన ఏడాది మామూలు రైతుల కంటే మేమే ఎక్కువసార్లు స్ప్రేయర్ పట్టుకుంటాం. ఆకాశం మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. పైగా రాగి నేలలో పేరుకుపోతుంది, వానపాములకు మంచిది కాదు. అందుకే యూరోపియన్ యూనియన్ ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలకు మించకూడదని పరిమితి పెట్టింది. ‘సహజం కాబట్టి హాని లేదు’ అనే వాదన నేను ఒప్పుకోను.

కొండ వాలు, గాలి, నీళ్లు నిలవని నేల ఇక్కడ నిజంగా ఆదుకుంటాయి. ఆకులు త్వరగా ఆరిపోతే బూజుకు అవకాశం తక్కువ.

అపోహ: ఆర్గానిక్ వైన్‌లో సల్ఫైట్లు ఉండవు, తాగితే తలనొప్పి రాదు.

సల్ఫైట్లంటే వైన్ చెడిపోకుండా కాపాడే గంధక పదార్థాలు. పులిసేటప్పుడు ఈస్టే కొంత సల్ఫైట్ తయారుచేస్తుంది. కాబట్టి సున్నా అన్నది దాదాపు అసాధ్యం. అమెరికాలో ‘ఆర్గానిక్ వైన్’ అని రాయాలంటే బయటి నుంచి సల్ఫైట్ కలపకూడదు. యూరప్‌లో కలపవచ్చు, కాకపోతే తక్కువ: తీపి లేని రెడ్ వైన్‌కు మామూలుగా లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంటే, ఆర్గానిక్‌కు 100. మేమూ సీసాల్లో నింపే ముందు కొద్దిగా కలుపుతాం. లేకపోతే దూరం ప్రయాణించే వైన్ ఎలా చేరుతుందో చెప్పలేం. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు నిజంగానే పడవు, వాళ్లు జాగ్రత్తపడాలి. మిగతావాళ్ల తలనొప్పికి ముందు అనుమానించాల్సింది ఆల్కహాల్‌ను. అది ఆర్గానిక్ సీసాలో ఏమీ తగ్గదు.

అపోహ: సంప్రదాయ వైన్ అంటే ద్రాక్ష తొక్కి వదిలేయడమే.

వదిలేస్తే వినెగర్ అవుతుంది. తొక్కల మీద ఉండే ఈస్ట్‌తోనే పులియబెట్టినా రోజూ వేడి చూడాలి, రెడ్ వైన్ అయితే పైకి తేలిన తొక్కలను కిందికి అణచాలి, పీపాలు కడగాలి. సంప్రదాయ పద్ధతిలో సగానికి పైగా కడుగుడు పనే. తెల్ల వైన్ తేటపడటానికి చాలామంది బెంటొనైట్ అనే బంకమట్టి కలిపి, పేరుకున్నాక తీసేస్తారు. అది ఎక్కువగా అగ్నిపర్వత బూడిద మారి ఏర్పడిన మట్టే! లావా ముఖం చూడని ప్రాంతాల వైన్‌కూ ఆ మాత్రం చుట్టరికం ఉందన్నమాట.

మేము వడకట్టం కాబట్టి మా సీసాల అడుగున మడ్డి ఉంటుంది. చల్లబడితే గాజుపెంకుల్లా మెరిసే స్ఫటికాలూ కనిపిస్తాయి. అవి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి గడ్డకట్టినవే, హాని లేదు. తెరవడానికి ఒకరోజు ముందు సీసాను నిలబెట్టి ఉంచండి, నెమ్మదిగా వంచి పోయండి, చివరి గుక్కెడు సీసాలోనే వదిలేయండి.